పేరమ్మకు అమ్మిన పిల్ల

8 జూన్ 2006, గురువారం

చివరికి యూసుఫ్ పంతమే నెగ్గింది. చీరాల వెళ్ళి ఆ రెబ్కా మేడమ్‌కి కనిపించి వచ్చాను. సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల మనసు కుదుటపరచడానికి వచ్చిందట ఆవిడ. ఆ పని అయిపోయాక కూడా ప్రతి గురువారం అక్కడి ఆస్పత్రి వెనక గదిలో కూర్చుంటోంది. యూసుఫ్ అక్కడ పరుపులు దించడానికి వెళ్ళి, పనిలో పనిగా పెళ్ళాం గుట్టంతా దించేసి వచ్చాడు.

నాకేం సునామీ రాలేదు. అదే చెప్పాను. ఆవిడ నవ్వలేదు, వాదించలేదు.

"మరి ఎందుకొచ్చారండీ?" అంది.

"ఆయన రమ్మన్నాడు."

"ఆయన ఎందుకు రమ్మన్నారు?"

చెప్పాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎన్నోసార్లు దర్శిలోని పుట్టింటికి వెళ్ళిపోయానని. ప్రతిసారీ ఏ గొడవా లేకుండానే వెళ్ళానని. ఆయన తిట్టినప్పుడు నాకేం అనిపించదు. పక్కన కూర్చుని మంచిగా మాట్లాడినప్పుడే గుండెలో గాభరా పుట్టి, సంచి సర్దుకోవాలనిపిస్తుంది. ఇదో జబ్బా? మనిషి గుణం. ఒక్కొక్కళ్ళు అంతే.

పాప గురించి కూడా అడిగింది. రెండున్నరేళ్ళు, బంగారం అన్నాను. ఏడవదు, మారాం చెయ్యదు, ఎత్తుకోమనదు. నేను పుట్టింట్లో వారం పది రోజులుండి వచ్చినా ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ తన ఆటలో పడిపోతుంది. అద్దంకి మొత్తం వెతికినా అంత బుద్ధిమంతురాలు దొరకదు అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుంది. నేను పిల్లని మెచ్చుకుంటే ఆవిడ రాసుకోవడం ఎందుకో.

9 జూన్

తలనొప్పి. చీరాల ఎండ.

11 జూన్

ఇవాళ కొట్లో పరుపు గలీబు కుడుతుంటే యూసుఫ్ దూది ఏకే మిషన్ ఆపి వచ్చి నిలబడ్డాడు. కనుబొమల నిండా దూది. అలా ఉన్నప్పుడు ముసలాడిలా కనిపిస్తాడు, నవ్వొస్తుంది నాకు. ఇవాళ రాలేదు.

"సాజిదా, పిడుగురాళ్ళ నుంచి అక్క ఫోన్ చేసింది. పాపని తను పెంచుకుంటానంటోంది. తనకి ఎలాగూ పిల్లల్లేరు."

"నువ్వేమన్నావు?"

"రంజాన్‌కి రమ్మన్నాను. అప్పటికి నువ్వేమైనా మారితే సరే. లేకపోతే పంపించేద్దాం. నువ్వు దాన్ని దగ్గరికి తీసుకోవు. అది నిన్ను అడగను కూడా అడగదు. చూడలేకపోతున్నాను."

పంపించు, మంచిదే అన్నాను. సున్నపు బట్టీల దుమ్ము తప్ప అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. వదిన మంచిది. పిల్లకి గౌన్లు కుడుతుంది.

మధ్యాహ్నం తిన్నదంతా కక్కేశాను. పప్పు పాసిపోయినట్టుంది. యూసుఫ్ కూడా అదే పప్పు తిన్నాడు, వాడికేం కాలేదు.

15 జూన్

మేడమ్ మా అమ్మ గురించి అడిగింది. అందరికీ చెప్పి నవ్వించే కథే చెప్పాను.

నాకంటే ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే పక్కింటి పేరమ్మకి అమ్మేసింది. చేటెడు తవుడుకి! పేరమ్మ చేట అందించి నన్ను తీసుకుంది. తర్వాత "నా పిల్లని నువ్వు పెంచిపెట్టు జాన్‌బీ" అని తిరిగి అమ్మ చేతికే ఇచ్చింది. ఆ ముగ్గుర్నీ తీసుకెళ్ళినది మళ్ళీ వెతుక్కుంటూ వస్తే, ఈ ఇంట్లో జాన్‌బీకి పిల్లల్లేరు అనుకుని వెనక్కి పోవాలట. బళ్ళో సాజిదాని, ఇంట్లో తవిటమ్మని. అమ్మ నన్ను ఏనాడూ "నా కూతురు" అనలేదు. ఎవరడిగినా "పేరమ్మ పిల్ల, నేను పెంచుతున్నా" అనేది. ఊళ్ళో నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు, తవిటయ్యలూ పెంటయ్యలూ పుల్లమ్మలూ. మాకది వింత కాదు.

ఈ కథ చెబితే అందరూ నవ్వుతారు. మేడమ్ నవ్వలేదు. "అదంతా ఉత్తుత్తి అమ్మకమని మీకు ఎప్పుడు తెలిసిందండీ?" అంది.

ఎప్పుడూ తెలుసు అన్నాను. దారంతా బస్సులో ఆలోచించాను. ఎప్పుడు తెలిసింది?

20 జూన్

పాప గడప తట్టుకుని పడింది. మోకాలు గీరుకుపోయి రక్తం. లేచి, మంచినీళ్ళ బిందె పక్కకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడింది. వీపు మాత్రం కదులుతోంది. చప్పుడు లేదు.

నేను అక్కడే ఉన్నాను. చేట పట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాను. నా వైపు రాలేదు.

దీన్నా నేను బుద్ధిమంతురాలని చెప్పుకుంటున్నది?

22 జూన్

మేడమ్‌తో చెప్పాను. గోడ సంగతి. ఆవిడ ఏమంటుందో అని భయపడ్డాను. "మీరు చూశారు కదా, అది మంచిది" అంది. చూస్తే ఏం మంచి? చూసి ఊరుకున్నాను కదా. ఈవిడ మాటలు నాకు అర్థం కావు.

రోజూ కాసేపు నేలమీద పాప పక్కన కూర్చోమంది. ఏమీ నేర్పకుండా, ఏమీ అడగకుండా, అది ఏం ఆడితే అదే ఆడాలట. ఆడడానికి బస్సు చార్జీలు పెట్టుకుని చీరాల రావాలా?

29 జూన్

ఇవాళ వేళ్ళతో మొదలుపెట్టింది. ఒక పాత సంగతి మనసులో పెట్టుకోమని, నా ముఖం ముందు రెండు వేళ్ళు అటూ ఇటూ ఊపుతుంది. తల కదపకుండా కళ్ళతో వాటి వెంట పోవాలి. కాసేపు ఆపి "ఏమొచ్చింది?" అంటుంది. ఏదొచ్చినా "సరే, దాంతోనే ఉండండి" అని మళ్ళీ ఊపుతుంది. ఇంత చదువుకుని దిష్టి తీస్తున్నట్టు ఉందేంటి అనుకుని నవ్వాపుకున్నాను.

ఏ సంగతి పెట్టుకోవాలో తెలియక మిరపకల్లం పెట్టుకున్నాను. పెద్ద విషయమేం కాదు. ఏడేళ్ళుంటాయేమో. అమ్మ కల్లంలో తాలుకాయలు ఏరడానికి వెళ్ళింది. నేను కాయలతో ఆడి, ఆ చేతుల్తోనే కళ్ళు నులుముకున్నాను. కేకలు పెడుతూ అమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఎవరో కూలామె "అయ్యో జాన్‌బీ, నీ కూతుర్ని చూడవే" అంది. అమ్మ లేవలేదు. "నా కూతురేంటి? పేరమ్మ కూతురు. పో, మీ అమ్మ దగ్గరికి పో" అని మళ్ళీ కాయలు ఏరుకుంది. తడుముకుంటూ పేరమ్మ ఇంటికి వెళ్ళాను. తాళం. మెట్టు మీద కూర్చున్నాను. అంతే కథ.

మేడమ్ వేళ్ళు కదులుతుంటే నా కళ్ళు మండాయి. నిజంగానే! కారం పెట్టినట్టు! కుళాయి దగ్గరికి పరిగెత్తి కడుక్కున్నాను. అద్దంలో చూస్తే ఎరుపు కూడా లేదు.

"ఇంకా మండుతున్నాయా?" అంది.

"మంట కాదండీ," అన్నాను. కొంగుతో మళ్ళీ తుడుచుకున్నాను.

1 జూలై

యూసుఫ్ పకోడీలు తెచ్చాడు. పక్కన కూర్చుని "ఎలా ఉంది?" అన్నాడు. సంచి సర్దుకున్నాను. మళ్ళీ విప్పి చీరలు బీరువాలో పెట్టాను. వాడు చూస్తూ కూర్చున్నాడు, పాపం.

16 జూలై, ఆదివారం

దర్శి వెళ్ళొచ్చాను. అడిగేద్దామని వెళ్ళాను, అడిగాను.

అమ్మకి కల్లం సంగతి గుర్తే లేదు!

"ఏ కల్లం? ఎప్పుడు? కళ్ళల్లో కారం పడని పిల్లలెవరే ఈ చుట్టుపక్కల?"

"నన్ను పేరమ్మ దగ్గరికి పొమ్మన్నావు."

"అయితే? బతికావుగా."

నా ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళమ్మా. ఒక పిల్ల తల్లిని. ఒక్కసారి నా కూతురు అను. ఎవరూ లేరు ఇక్కడ" అన్నాను.

అమ్మ లేచి వెళ్ళి తలుపు వేసింది. వీధిలో కుక్క కూడా లేదు, అయినా వేసింది.

"నోర్ముయ్. ముగ్గుర్ని నా తల్లీ, నా తండ్రీ అని ముద్దులాడి పూడ్చుకున్నా. చివరివాడు నడిచేవాడే తవిటమ్మా. మాటలొచ్చాయి వాడికి. నా ఒళ్ళోనే పోయాడు. నిన్ను ముట్టుకోవాలంటే నా చేతులు వణికేవి." పొయ్యి దగ్గరికి పోయి ఊదసాగింది. పొయ్యిలో నిప్పు బాగానే ఉంది. "మీ మేడమ్ ఎంతమందిని పూడ్చుకుందట?"

బస్సెక్కేముందు గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టి, కొంగు సరిచేసి, "జాగ్రత్తే" అంది. ఆ మాట మాత్రం అనలేదు.

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు. అమ్మ మీద అనుకుంటే, వణికే చేతులు కనిపిస్తున్నాయి.

18 జూలై

నాకూ పాపకి ముందు రెండు కడుపులు పోయాయి. ఆ రెంటికీ పేర్లు అనుకున్నాను. చిన్న చొక్కాలు కుట్టాను. పాపకి ఏదీ అనుకోలేదు. నస్రత్ అని పేరు పెట్టింది యూసుఫే. నేను పాప అంటాను. వీధిలో ఎవరైనా అడిగితే "యూసుఫ్ కూతురు" అంటాను.

ఇది నేనేనా రాసింది? అమ్మ కనీసం తవుడు తీసుకుని అమ్మింది. నేను ఎవరికీ చెప్పకుండానే అమ్మేశాను.

27 జూలై

చీరాలలో గదికి తాళం. జ్వరమట, చికున్‌గున్యా అట, మేడమ్ రాలేదట. నర్సు చెప్పింది. నేను వెళ్ళిపోవాలి కదా. గది ముందు మెట్టు మీద కూర్చుండిపోయాను. అద్దంకి బస్సు వెళ్ళిపోయింది, ఇంకోటి కూడా వెళ్ళిపోయింది. నర్సు రెండుసార్లు వచ్చి "ఇవాళ రారమ్మా" అంది. వినపడుతూనే ఉంది. లేవలేకపోయాను.

అనుకున్నదే. ఎవరైనా అంతే. ఇక వెళ్ళను.

3 ఆగస్టు

వెళ్ళలేదు. ఆవిడకి తెలియాలి.

5 ఆగస్టు

ఆవిడకి ఎలా ఉందో. చికున్‌గున్యాకి కీళ్ళు పట్టేస్తాయట.

10 ఆగస్టు

వెళ్ళాను. మణికట్లు వాచి ఉన్నాయి ఆవిడకి. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుంది.

"మీకు కబురు చెయ్యాల్సిందండీ. చెయ్యలేదు. తప్పు నాదే."

ఆ మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. "నాకు చాలా కోపం వచ్చింది మేడమ్" అన్నాను. "రావాలి మరి" అంది. గదిలోంచి పొమ్మనలేదు. కోప్పడితే మనిషి పోలేదు! ఇంత చిన్న విషయం కూడా నాకు తెలియదా?

వేళ్ళు ఊపలేకపోతోంది కాబట్టి నన్నే చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మెల్లగా తట్టుకోమంది. కళ్ళు మూసుకున్నాను. మెట్టు మీద ఆ పిల్ల కూర్చునే ఉంది.

"ఆ పిల్లకి ఇప్పుడేం కావాలండీ?"

"నీళ్ళు. ఎవరైనా కళ్ళు కడగాలి."

"ఎవరు కడుగుతారు?"

అమ్మని పిలిచాను, రాలేదు. పేరమ్మ లేదు. చాలాసేపు ఎవరూ రాలేదు. చివరికి నేనే చెంబు పట్టుకుని వెళ్ళాను. ఇప్పటి నేను, ఈ చీరతోనే. ముఖం కడిగి కొంగుతో తుడిచాను. ఆ పిల్ల నా మెడ పట్టుకుని వదలదే! ఎంత ఏడ్చానో. ఆస్పత్రంతా వినపడి ఉంటుంది. సిగ్గుపడాలో ఏమిటో తెలియలేదు. ఇంటికొచ్చి రెండు పళ్ళేలు అన్నం తిన్నాను.

13 ఆగస్టు

నేలమీద కూర్చోవడం అలవాటైంది. పాప దూది ముక్కలు తెచ్చి నా తలమీద ఒక్కొక్కటీ పెడుతుంది. నేను కదలకూడదు. కదిలితే పడిపోతాయి, మళ్ళీ మొదలు. ఇవాళ అన్నీ పెట్టేసి, వెనక్కి జరిగి, నన్ను చూసి కిలకిలా నవ్వింది. "నా బంగారు తల్లీ" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. మిషన్ దగ్గర యూసుఫ్ తిరిగి చూశాడు.

ఎంత బాగుందో రాయలేను. వెంటనే భయమేసింది.

16 ఆగస్టు

పాపకి జ్వరం.

అన్నాను కదా. అందుకే.

17 ఆగస్టు, గురువారం

చీరాల వెళ్ళలేదు. ఒళ్ళు కాలిపోతోంది దానికి. మోకాళ్ళు వాచాయి. డాక్టరు చికున్‌గున్యా అన్నాడు. వీధంతా ఇదే, పక్కింటి శిల్ప అత్తగారికీ ఇదే, తగ్గుతుంది అన్నాడు. నాకూ తెలుసు వీధంతా ఇదేనని. కానీ వీధంతా ఆ మాట అనలేదు కదా! నేను అన్నాను, మూడో నాటికి పడింది. మేడమ్ మాట విని నా చేతుల్తో నేనే చేసుకున్నానా? అమ్మ చెప్పిందే నిజమా? యా అల్లా, నాకేం తోచడం లేదు. శిల్ప వాళ్ళ ఫోన్ నుంచి అమ్మకి కబురు చేశాను.

18 ఆగస్టు

పొద్దున్నే అమ్మ దిగింది. చేతిలో చేట, చేటలో తవుడు, పైన గుడ్డ కట్టి. దర్శి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. వస్తూనే అన్నీ మాట్లాడేసింది. శిల్ప కొనుక్కోవాలి. శిల్ప చీరాల చేనేత వాళ్ళ పిల్ల, మంచిది, పసుపు పెట్టుకుని వచ్చి నిలబడింది. "మా వైపు కూడా ఉందక్కా ఇది. ఏం కాదు, మాటవరసకే కదా" అంది.

మాటవరసకే. నాకు తెలియదా అది ఎంతవరకు పోతుందో!

అయినా సరే అన్నాను. రాసుకోవాలి, దాచుకోకూడదు. సరే అన్నాను. పిల్ల బతకాలి, నేనేమైనా కానీ. పాపని తీసి శిల్ప చేతుల్లో పెట్టాను. శిల్ప ఒంటి చేత్తో చేట అందుకుని నా ముందు పట్టుకుంది.

"అనవే. ఈ పిల్ల నాది కాదు, నీకమ్మాను అను. రెండు మాటలు" అంది అమ్మ.

"ఈ పిల్ల" అన్నాను.

పాప కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడవలేదు. చెయ్యి కూడా చాపలేదు. మెల్లగా తల తిప్పుకుని, శిల్ప భుజానికి ముఖం ఆనించి, గోడవైపు తిరిగింది.

లాగేసుకున్నాను. చేట కింద పడి తవుడంతా చిమ్మింది. "నాది. నా పిల్ల. బతికినా నాదే, ఏమైనా నాదే. ఎవరికీ అమ్మను!" అని అరిచాను. వీధిలో వాళ్ళు వచ్చి చూస్తున్నారు. చూడనీ.

అమ్మ నెత్తి బాదుకుంది. "నీ నోరు పడిపోను! తెలిసి తెలిసి పిల్లని చంపుకుంటావా? ఇదేం మొండితనమే? నా కడుపున పుట్టి నా మాట వినవా?"

అని, ఆగిపోయింది.

చేత్తో నోరు మూసుకుంది. ముందు నా వైపు, తర్వాత వీధి వైపు చూసింది. అక్కడే తవుడులో చతికిలబడి, ఇన్నేళ్ళ ఏడుపంతా ఇప్పుడే వచ్చినట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. శిల్ప ఎవర్ని ఓదార్చాలో తెలియక వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

19 ఆగస్టు

జ్వరం తగ్గలేదు. తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను. అమ్మ నాతో మాట్లాడదు. నేను కునికితే మాత్రం గుడ్డ తీసుకుని తను వేస్తుంది.

నేను తప్పు చేశానా?

20 ఆగస్టు

అలాగే ఉంది.

21 ఆగస్టు

కాస్త తగ్గింది. గంజి తాగింది.

యూసుఫ్ పిడుగురాళ్ళకి ఫోన్ చేసి, "అక్కా, రంజాన్‌కి ఊరికే రా, చూసిపో. పాప ఎక్కడికీ రాదు" అన్నాడట. శిల్ప చెప్పింది, వాడు నాతో చెప్పలేదు. కొట్లోంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గుండెలో గాభరా పుట్టింది. కూర్చున్నాను అలాగే. పుడితే పుట్టనీ.

24 ఆగస్టు, గురువారం

మేడమ్ దగ్గరికి వచ్చే వారం వెళతాను. చాలా చెప్పాలి. భయం పోలేదని చెప్పాలి. పిల్ల తుమ్మితే చాలు, నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాను. ఆ మాట వల్లే జ్వరమొచ్చిందని ఒక మనసు ఇంకా అంటూనే ఉంది. కాదని ఇంకో మనసు. ఏది నాదో తెలియడం లేదు. తెలిసేదాకా ఆగితే పిల్ల పెద్దదైపోతుంది.

జ్వరం పోయింది కానీ పొద్దుట్నుంచీ ఒకటే పేచీ. అన్నం వద్దు, నీళ్ళొద్దు, అమ్మమ్మ వద్దు, నాన్న వద్దు. నన్ను బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళనివ్వదు, తలుపు బాదుతుంది. ఎత్తుకుంటే దింపమంటుంది, దింపితే ఎత్తుకోమంటుంది. ఇందాక నేను బియ్యం కడుగుతుంటే వచ్చి నా వీపు మీద దబదబా కొట్టి, "నువ్వు రా!" అని అరిచింది. ఎక్కడ దాచుకుందో ఇంత గొంతు. నిద్రపోయింది కదా అని ఇది రాయడానికి కూర్చున్నాను. లేచినట్టుంది.

నా కూతురు ఏడుస్తోంది. వెళ్ళాలి.